పెట్రోలియం కొలువు: సూరత్‌లో అపోహలు – వాస్తవాలు

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లల్లో ఇప్పుడు ఇంజినీరింగ్ చదివేవాళ్లున్నారు. ఊరి పక్కనే హజీరా ప్లాంట్లు కనిపిస్తుంటే పెట్రోలియం మీదికి మనసు పోవడంలో వింతేమీ లేదు. వచ్చిన చిక్కల్లా చెవిన పడే మాటలతోనే.

అపోహ: పెట్రోలియం ఉద్యోగమంటే సముద్రంలో రిగ్గు మీదే.

వాస్తవం: రైలెక్కితే గంటలోపే వచ్చే అంకలేశ్వర్‌లో 1960లోనే చమురు పడింది. హజీరాది వేరే కథ. ముంబై తీరానికి ఆవల ఉన్న బసీన్ క్షేత్రం నుంచి సముద్రం అడుగున 200 కిలోమీటర్లకు పైగా పైపులైన్లలో వచ్చిన సహజ వాయువును ఓఎన్‌జీసీ ఇక్కడ శుద్ధి చేస్తుంది. అమైన్ ద్రావణంతో అందులోని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తీసేసి, తేమను పోగొట్టి, ఎల్పీజీని వేరుచేస్తారు. ఇక్కడి నుంచే గెయిల్ వారి హజీరా–విజయ్‌పూర్–జగదీశ్‌పూర్ పైపులైన్ ఉత్తరాదికి సాగుతుంది. ఓడల్లో వచ్చే ద్రవీకృత వాయువుకు 2005 నుంచి ఇక్కడ టెర్మినల్ కూడా ఉంది. రిగ్గు ముఖమే చూడకుండా రిటైరయ్యే ఇంజినీర్లు ఈ రంగంలో బోలెడుమంది.

అపోహ: గ్యాస్ లీకైతే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, పరుగెత్తడానికి సమయం ఉంటుంది.

వాస్తవం: కొత్తగా చేరినవాళ్ల ప్రాణం తీసే నమ్మకమిది. ఆ వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో పదిలక్షల పాళ్లకు వంద పాళ్ల స్థాయికి చేరితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారుతుంది. వాసన ఆగిందంటే గ్యాస్ పోయిందని కాదు. ఇంకా పెరిగితే కొన్ని శ్వాసల్లోనే స్పృహ తప్పుతుంది. అందుకే ఒంటిమీద డిటెక్టర్ ఉండాలి, ప్లాంటులో అడుగుపెట్టగానే గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. పడిపోయిన తోటివాడి కోసం శ్వాస పరికరం లేకుండా పరుగెత్తకూడదు.

అపోహ: ఒకసారి చేరితే జీతానికి ఢోకా లేదు.

వాస్తవం: 2014 మధ్యలో పీపా 110 డాలర్లు దాటిన ముడి చమురు 2016 జనవరికి 30 కిందికి పడింది. ప్రపంచమంతటా సర్వీసు కంపెనీలు వేలమందిని ఇంటికి పంపాయి. ప్రభుత్వ సంస్థలో చేరినవారికి ఈ దెబ్బ తక్కువ. కాంట్రాక్టర్ దగ్గర చేరినవారికే ముందు తగులుతుంది.

అపోహ: కరెంటు బళ్లు వస్తే ఈ చదువు దండగ.

వాస్తవం: సూరత్ మగ్గాల మీద నడిచే పాలియెస్టర్ నూలు చమురు నుంచి వచ్చిందే. యూరియా తయారీకి గ్యాస్ కావాలి. లడఖ్‌లోని పూగాలో భూగర్భ వేడి కోసం బావి తవ్వే పనిని కూడా ఓఎన్‌జీసీయే చేపట్టింది.

అపోహ: డిగ్రీ పేరులో పెట్రోలియం ఉంటేనే ఈ కొలువు.

వాస్తవం: పిల్లల్ని ఎక్కువగా దారి తప్పించేది ఇదే. ఓఎన్‌జీసీ ప్రొడక్షన్ ఇంజినీరు పోస్టులకు మెకానికల్, కెమికల్ వాళ్లూ అర్హులే. గ్యాస్ ప్లాంటులో రోజువారీ పనంతా దాదాపు కెమికల్, మెకానికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లదే. పెట్రోలియం చదివినవారి పట్టు డ్రిల్లింగ్‌లో, రిజర్వాయర్ లెక్కల్లో కనబడుతుంది. ఆ పోస్టులు కొన్నే, ధర పడితే ముందు ఆగేది కూడా ఆ నియామకాలే. గేట్‌లో పెట్రోలియానికి విడి పేపరు వచ్చింది 2017లోనే. ధన్‌బాద్ ఐఐటీలోనో, 2016లో మొదలైన విశాఖ ఐఐపీఈలోనో, గాంధీనగర్ పీడీఈయూలోనో సీటొస్తే నిశ్చింతగా చేరవచ్చు. పేరూ ఊరూ లేని కాలేజీలో పెట్రోలియం కంటే మన సూరత్ ఎస్‌వీఎన్‌ఐటీలో కెమికల్ వెయ్యి రెట్లు నయం అంటాను. హజీరా తలుపు దానికీ తెరుచుకుంటుంది, ఈ రంగం మందగిస్తే మరో పరిశ్రమకు పోయే వీలూ ఉంటుంది.

ఫీజు కట్టే ముందు కాలేజీని ఒక్కటి అడగండి: గత నాలుగేళ్లలో ఎవరికి, ఏ కంపెనీలో, ఏ పనిలో ఉద్యోగం వచ్చింది? కాగితం మీద చూపించలేకపోతే ఆ కాలేజీ వద్దు.