తాబేలును ఇంట పెంచవచ్చునా?

వానలు కురిసి చెరువులలోనికి నీరు చేరగానే మన తిరుమణి ప్రాంతమున పిల్లలకు తాబేళ్లు కంటబడును. ఏ కాలువ గట్టుననో దొరికిన దానిని బొక్కెనలో వేసికొని వచ్చి, “అమ్మా, దీనిని మనమే పెంచుకొందము” అని బిడ్డ అడిగినచో తల్లిదండ్రులు ఏమి చెప్పవలెను? కూర్మావతారమును తలచి శుభమనువారు కొందరు. ఇంట నుంచరాదనువారు కొందరు. శకునముల మాట అటుంచి, ఆ ప్రాణి యెట్టిదో తెలిసికొని నిర్ణయించుట మేలని మేము తలంచుచున్నాము.

మన చెరువులలో సాధారణముగ నుండునది మెత్తని డిప్పగల తాబేలు. దాని డిప్పపై చర్మము కప్పియుండును; అడుగున వెనుక కాళ్లను మూయు రెండు చర్మపు రెక్కలుండును. పెద్దది సుమారు అడుగు పొడవు పెరుగును. చెరువు ఎండినపుడు బురదలో దూరి వానలకై వేచియుండును. కృష్ణా, గోదావరీ నదులలో దీనికి బంధువైన పెద్ద జాతి కలదు. దాని డిప్పయే రెండడుగుల వరకు పెరుగును. ఆ జాతి నేడు అంతరించిపోవు స్థితికి వచ్చినది.

వీని డిప్ప మెత్తనిదైనను నోరు మెత్తనిది కాదు. పండ్లు లేకున్నను దవడల అంచులు కొమ్మువలె గట్టివి, పదునైనవి. మెడ పొడవగుటచే, డిప్పను ప్రక్కల పట్టుకొన్న చేతిని సైతము తల త్రిప్పి కరవగలదు. పసివాని వ్రేలికి లోతైన గాయము కావచ్చును. ఇది క్రూరత్వము కాదు. రాతివంటి డిప్ప లేని ప్రాణికి కరచుటయే రక్ష.

కరవని తాబేలువలనను కీడు కలదు. ఆరోగ్యముగ కనిపించు తాబేలు ఒంటిమీదను, అది యున్న నీటిలోను సాల్మొనెల్లా అను సూక్ష్మజీవులుండవచ్చును. వానివలన జ్వరము, విరేచనములు కలుగును. అయిదేండ్లలోపు పిల్లలకు ప్రమాదమెక్కువ. ఈ కారణముననే అమెరికాలో 1975లో నాలుగంగుళములకు తక్కువ పొడవుగల తాబేళ్ల అమ్మకమును నిషేధించిరి. పట్టణపు అంగళ్లలో అమ్ము ఎర్రచెవుల తాబేటి పిల్లలు ఆ దేశపు జాతివే. రూపాయి బిళ్లకంటె కొంచెమే పెద్దవిగా వచ్చి, అడుగు వరకు పెరిగి, ముప్పది యేండ్లు బ్రతుకగలవు. విసిగి చెరువులో విడిచినచో మన తాబేళ్ల తిండికి, తావునకు పోటీ యగును. వేసవిలో మనుష్యులకే నీరు చాలని సీమలో అన్ని యేండ్లు దానికి తొట్టి నింపువారెవరు?

చట్టము మాటయు వినవలెను. మన చెరువు తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున మొదటి షెడ్యూలులో నున్నది. పట్టి యుంచుకొనుట నేరము; మూడు మొదలు ఏడు సంవత్సరముల వరకు కారాగార శిక్ష, జరిమానా పడవచ్చును.

కావున పెంచరాదనియే మా యభిప్రాయము. అయితే “వద్దు” అన్న ఒక్క మాటతో ముగించినచో బిడ్డ కుతూహలము అణగిపోవును. గాయములేని తాబేలును దొరికిన చెరువుననే విడువవలెను; గాయపడినచో అటవీశాఖవారికి తెలుపవలెను. తాకిన చేతులను సబ్బుతో కడుగవలెను. పిదప ఒక సాయంకాలము బిడ్డను చెరువుకట్టకు తీసికొనిపోయి, నీటిపైకి ముక్కు మాత్రమెత్తి ఊపిరి తీయు తాబేలును చూపుడు. నత్తలను, చచ్చిన చేపలను తిని అది చెరువును శుభ్రపరచునని చెప్పుడు. తెలుగున తాబేలు, కన్నడమున ‘ఆమె’ అని రెండు పేర్లును వ్రాయించి బొమ్మ గీయించుడు. బొక్కెనలోని తాబేలు నాలుగు దినముల వేడుక. చెరువులోని తాబేలు ఊరందరిది.