ఒక్క డాలరు ఆటగాడు

అమెరికాలో బేస్‌బాల్ అను బంతియాట మిక్కిలి ప్రసిద్ధము. దానిని ఆధారముగా గొని, 1980లో డేనియల్ ఓక్రెంటు అను రచయిత న్యూయార్కున మిత్రులతో గూడి యొక ఊహాక్రీడను నెలకొల్పెను. నేటి వాడుకలో ప్రతివాడును 260 డాలర్లకు మించకుండ వేలము పాడి, నిజమైన ఆటగాండ్రను 23 మందిని ఎన్నుకొనును. వారు మైదానమున సాధించినదే వీనికి లెక్క.

ఘనులకు ధనము వెచ్చించిన పిదప తుదకు ఒక్కొక్క డాలరే మిగులును. అప్పుడు బేసుల చెంత కాపుండు వారిలో ఎవనిని కొనవలెను? మొదట వాడు ప్రతిదినమాడువాడా యని విచారింపవలెను. ఎంత నేర్పరియైనను బల్లపై కూర్చున్నచో ఫలము సున్న. పదిదినముల మెరుపును చూచి మోసపోరాదు. రెండు మూడు స్థానములలో నిలువదగినవాడు మరియు మేలు. ఒకడు గాయపడినచో ఆ చోటును వీడు పూరించును.

ఇక బేసు దొంగిలించుట, అనగా బంతి విసరువాని కన్నుగప్పి ముందరి బేసునకు పరుగిడుట. (దొంగకు మెప్పు దొరకు తావిది!) 2023లో బేసులను 15 అంగుళములనుండి 18కి పెంచి, పరుగెత్తువానిని నిలువరించు యత్నములకు మితి విధించిరి. 2022లో 2,486గా నున్న దొంగతనములు ఆ యేట 3,503 ఆయెను. కావున పది దొంగిలించువాడు పూర్వమువలె అరుదు గాడు. వానికి రెండవ డాలరు పాడుట దండుగ.