గాలి రోజున వదిలిన చేప

ఆస్ట్రేలియా ఈశాన్య తీరం వెంట 2,300 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న గ్రేట్ బారియర్ రీఫ్‌కు గాలం వేటకు వెళ్లేవాళ్లు అన్నిటికంటే ముందు చూసేది గాలి సూచననే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఆగ్నేయ పవనాలు ఒక్కోసారి రోజుల తరబడి ఆగకుండా వీస్తాయి. వేగం 20 నాట్లు, అంటే గంటకు 37 కిలోమీటర్లు దాటినా పడవ తీసేవాళ్లున్నారు. సరదా కోసమే పడుతున్నాం, పట్టిన చేపను మళ్లీ నీళ్లలోకే వదిలేస్తున్నాం, ఇక నష్టమేముంది అన్నది వాళ్ల వాదన. సముద్రం నిశ్చలంగా ఉన్న రోజున ఆ మాట చాలావరకు నిలబడుతుంది. గాలి రోజున మాత్రం నిలబడదు.

రీఫ్‌లోని పగడపు దిబ్బ చాటున అలలుండవు కదా అంటారు. నిజమే, పగడపు దిబ్బ అలను విరిచేస్తుంది. కానీ నీటి మట్టానికి కాస్త అటూఇటూగా ఉండే ఆ దిబ్బ గాలిని ఆపలేదు. గాలి వేగం రెట్టింపైతే పడవ మీద దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఆ బరువంతా లంగరు మీద పడుతుంది. లంగరు జారినా, గొలుసు అటూఇటూ ఊగినా కింద ఉన్న పగడాలు విరుగుతాయి. గాలి ఆగ్నేయం నుంచి వస్తే పడవలన్నీ చేరేది దిబ్బకు వాయవ్యాన ఉన్న చాటుకే. అలల తాకిడి తక్కువగా ఉండే అలాంటి చోట్లే కొమ్మల్లా, పళ్లేల్లా పెరిగే సున్నితమైన పగడాలు ఎక్కువ. గాలి రోజున వేటకు వచ్చే పడవలు తక్కువే కదా అనేవాళ్లకూ జవాబిదే: వచ్చిన ఆ కొన్నీ ఒకే చోట గుమిగూడతాయి.

ఇక చేప సంగతి. రీఫ్ వేటలో అందరూ కోరుకునేది కోరల్ ట్రౌట్. ఆ తీరం ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్ర నిబంధన ప్రకారం 38 సెంటీమీటర్ల కంటే చిన్నదాన్ని తప్పనిసరిగా వదలాలి. 20 మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం మీదకంటే మూడు రెట్లు. అక్కడి నుంచి ఒక్కసారిగా పైకి లాగితే చేప గాలితిత్తిలోని వాయువు మూడింతలుగా ఉబ్బాలని చూస్తుంది. పొట్ట నోట్లోకి తోసుకొస్తుంది, చేప మళ్లీ కిందికి దిగలేక తేలిపోతుంది. బరువు కట్టిన పరికరంతో దాన్ని నెమ్మదిగా లోతుకు దించితే బతికే అవకాశం పెరుగుతుంది. ఊగిపోతున్న పడవలో, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఆ పని చేయడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. కొక్కెం తీయడం ఆలస్యమైనకొద్దీ చేప నీళ్లకు దూరమవుతుంది. వదిలాక అది దిగిందో, తేలి సొరచేప నోట పడిందో ఆ అలల్లో కనిపించను కూడా కనిపించదు.

డబ్బు కట్టి, సెలవు పెట్టుకుని దూరం నుంచి వచ్చినవాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ మన ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల వేట నిషేధ కాలంలో, పూట గడవాల్సిన మత్స్యకారులే మరపడవలు ఒడ్డున కట్టేస్తున్నారు. సరదా వేటగాడు రెండు రోజులు ఆగడం అంతకంటే బరువైన త్యాగమేమీ కాదు. పైగా ఆస్ట్రేలియా తీరంలో మడ అడవుల పాయల్లో, ఒడ్డు చాటున గాలం వేసుకునే వీలుంది. ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లూ, సెలవులకు అక్కడికి వెళ్లేవాళ్లూ పడవ మాట్లాడుకునేటప్పుడే ఒక్క షరతు పెట్టండి: 20 నాట్లు దాటితే రీఫ్‌కు వద్దు, తేదీ మార్చండి అని.