ముందు బడి, పిమ్మట విమానము

బ్రెజిల్ దేశమున సావో పాలో మహానగరమునకు ఈశాన్యముగా రమారమి 90 కిలోమీటర్ల దూరమున, రియో డి జనీరోకు పోవు రాజమార్గముపై, మాంటికేరా పర్వతశ్రేణికిని సముద్రతీరపు కొండలకును నడుమ పరయీబా నది పారెడి లోయలో సావో జోసే దోస్ కాంపోస్ అను నగరము కలదు. నేడు దాదాపు 7 లక్షల జనాభాతో, విమానములకు, ఉపగ్రహములకు, మోటారు వాహనములకు, పెట్రోలు శుద్ధికి పేరుపడిన ఈ నగరమునకు ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున బయటి ఊళ్ల నుండి వచ్చినవారిలో పెక్కుమంది ఉద్యోగార్థులు కారు, క్షయరోగులు.

ఔషధము లేని ఆ దినములలో ఎత్తయిన ప్రదేశమునందలి గాలియే చికిత్సయని వైద్యులు తలచుచుండిరి. ఆ కారణమున సముద్రమట్టమునకు 600 మీటర్ల ఎత్తుననున్న ఈ ఊరు, మనకు మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము వలెనే, దగ్గుతో వచ్చి ఆశతో బ్రతుకువారి క్షేత్రమైనది. 1924లో విసెంటీనా అరాన్యా పేర ఒక పెద్ద శానిటోరియము వెలసెను. దాని వెనుక మరికొన్ని వచ్చెను. స్ట్రెప్టోమైసిన్ మొదలగు మందులు వచ్చిన పిదప రోగులు తగ్గిరి. ఆ సమయముననే ఊరికి రెండవ జన్మ కలిగినది.

ఆ జన్మకు కారకుడు కాసిమిరో మోంటినీగ్రో అను వాయుసేనాధికారి. 1931 జూన్ 12వ తేదీన సహచరునితో గూడి, తలపైన కప్పులేని చిన్న విమానములో, రియో నుండి సావో పాలోకు తొలి సైనిక టపాను మోసికొనిపోయినవాడితడే. ఆ టపా యంతయు రెండు ఉత్తరములు. చీకటి పడువేళకు దిగవలసిన మైదానము కానరాక, గుఱ్ఱపుపందెముల మైదానమున విమానమును దించి, గోడ దూకి, బాడుగ కారెక్కి పోయి తపాలా కార్యాలయమున సంచి నప్పగించిరట. ఈ మొండిపట్టుదలయే తరువాతి పనికిని పనికివచ్చినది.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమును చూచి వచ్చిన మోంటినీగ్రో, దేశమునకు విమానముల కర్మాగారము కావలెనని తొందరపడువారితో, ఇంజనీర్లు లేని కర్మాగారము అన్యదేశపు పటములకు నకళ్లు తీయుటకు తప్ప దేనికిని కొరగాదనియు, కావున విద్యాలయమే ముందు రావలెననియు వాదించెను. ఆ మాసచూసెట్స్ విద్యాలయపు ఆచార్యుడే యగు రిచర్డ్ స్మిత్ 1945లో ప్రణాళిక వ్రాసి యిచ్చి, దరిమిలా ఆ కొత్త సంస్థకు తొలి అధిపతి యయ్యెను. ఆవరణకు రూపకల్పన చేసినవాడు ఆస్కార్ నీమెయర్. సైనికశాఖ వారి కట్టడములకు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు వాస్తుశిల్పి యగుట అచ్చటి చరిత్రలోని ఒక చమత్కారము. ఇట్లు 1950లో సావో జోసేలో నెలకొన్న వైమానిక సాంకేతిక విద్యాలయమును అచ్చటివారు ‘ఇటా’ యందురు. హెలికాప్టరు నిర్మాతగా ప్రసిద్ధి కెక్కిన జర్మను శాస్త్రజ్ఞుడు హెన్రిక్ ఫోకె ఈ ఆవరణకే వచ్చి, నిలువుగా లేచి అడ్డముగా ఎగురునట్టి వింత విమానమును చేయబూనెను. అది ఎన్నడును ఎగురలేదు. కాని వృథాయైన ఆ పనిలో చేయి తిరిగిన యువకులు వృథా కాలేదు.

బడి పెట్టిన పదునెనిమిదేండ్లకు, 1968 అక్టోబరు 22న, బాండిరాంతె అను రెండింజన్ల విమానము ఇచ్చటి నేల విడిచి లేచినది. దానిని నిర్మించిన బృందమునకు నాయకుడు ఇటాలో చదివిన ఓజిరెస్ సిల్వా. విమానమైతే సిద్ధమైనది గాని, దానిని వరుసగా తయారుచేసి యమ్ముటకు పెట్టుబడి పెట్టువారు కరవైరి. 1969 ఏప్రిల్‌లో ఒక ఆదివారమున, పొరుగూరి విమానాశ్రయమును మంచు కప్పివేయుటచే దేశాధ్యక్షుడు కోస్తా ఇ సిల్వా ప్రయాణించు విమానము దారి మళ్లి సావో జోసేలో దిగవలసివచ్చినది. సెలవుదినమగుటచే స్వాగతమిచ్చుటకు పెద్దలెవ్వరును లేరు, ఉన్నవాడు ఓజిరెస్. దొరికిన కొద్ది కాలమును అతడు మర్యాదలతో గడపక, అధ్యక్షునికి విమానమును చూపి, కర్మాగారము ఆవశ్యకతను వివరించెను. ఆ ఆగస్టు 19వ తేదీననే ఎంబ్రాయర్ సంస్థ ప్రభుత్వ సంస్థగా స్థాపితమై, ఓజిరెస్ దాని తొలి అధ్యక్షుడయ్యెను. మంచు చేసిన మేలని దీనిని చెప్పుకొనుట కలదు. మంచు ప్రతి ఊరిలోను కురియును, చూపుటకు సిద్ధమైన విమానము అన్ని ఊళ్లలోను ఉండదు.

ఈ ఆవరణనుండియే మరొక ప్రయోజనమును దేశమునకు లభించినది. 1973 నాటి చమురు సంక్షోభము తరువాత, చెరకునుండి తీసిన ఆల్కహాలుతో కారు నడుపు ఇంజనును ఇచ్చట ఆచార్యుడు ఉర్బానో స్టుంఫ్ రూపొందించెను.

ఎంబ్రాయర్ ఉత్థానము నిరంతరము కాలేదు. అర్జెంటీనాతో కలిసి చేసిన సి.బి.ఏ. 123 విమానము 1990లో ఎగిరినది గాని, ధర మిక్కుటమై కొనువారు లేకపోయిరి. వేలకొలది ఉద్యోగులు వీధిపాలైరి. 1994 డిసెంబరులో సంస్థ ప్రైవేటుపరమయ్యెను. పిమ్మట వచ్చిన ఇ.ఆర్.జె. 145 దానిని నిలబెట్టినది. మన వాయుసేన వారి ‘నేత్ర’ విమానములు ఆ 145 దేహముపైననే సిద్ధమైనవని పాఠకులలో కొందరికి తెలిసియుండును. బోయింగు కంపెనీ దీని పౌరవిమాన విభాగమును కొనుటకు కుదిరిన ఒప్పందము 2020 ఏప్రిల్‌లో భగ్నమైనది.

ఇంతటి జ్ఞానసంపద యున్న ఊరిలోనే 2012 జనవరిలో, పిన్యెరిన్యో అను బస్తీనుండి సుమారు 6 వేలమందిని, దివాలా తీసిన ఒక సంస్థ ఆస్తియగు నేలను కాపాడుటకై, పోలీసులు ఒక ఆదివారము ఉదయమున ఖాళీ చేయించిరి. వారి గుడిసెలు కూల్చబడెను. విమానములను జూచి మురియు విలేఖకులు ఈ సంగతి వ్రాయరు. వ్రాయక దాటుట నాకు న్యాయముగా తోచలేదు.

నగరమునకు రెండవ గర్వకారణము ఇన్పె యని పిలువబడు అంతరిక్ష పరిశోధన సంస్థ. దీని మూలము 1961 నాటిది. అమెజాన్ అరణ్యము ఏటేట ఎంత నరకబడుచున్నదో ఉపగ్రహ చిత్రములతో 1988 నుండి లెక్కగట్టి ప్రకటించుచున్నది ఈ సంస్థయే. 2019లో ఆ లెక్కలు అబద్ధములని దేశాధ్యక్షుడు బోల్సొనారో అనగా, సంస్థాధిపతియు భౌతికశాస్త్రజ్ఞుడునగు రికార్డో గల్వావ్ ప్రతిఘటించి మాటాడి, ఆగస్టులో పదవి కోల్పోయెను. లెక్కింపు ఆగలేదు. 2021 ఫిబ్రవరి 28న, బ్రెజిలు తానుగా రూపొందించి, కూర్చి, పరీక్షించిన తొలి భూపరిశీలక ఉపగ్రహమగు అమెజోనియా-1, 637 కిలోల బరువుతో, మన శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టుపై కక్ష్యను చేరినది. దానిని ముక్క ముక్కగా కూర్చి పరీక్షించిన ప్రయోగశాల సావో జోసేలోనిదే. గల్వావ్ 2023 జనవరిలో బ్రెజిలు జాతీయ శాస్త్ర సాంకేతిక పరిశోధన మండలికి అధ్యక్షుడుగా నియమితుడయ్యెను.