దున్నిన నేలలో గాజుపోగు: ఉక్రెయిన్ పొలాలలో ఆప్టికల్ ఫైబర్ డ్రోన్ల అవశేషాలు

యుద్ధం దాటిపోయిన నేల సాగుకు పనికివస్తుందా అన్న ప్రశ్నకు ఇంతవరకు పేలుడు పదార్థాల లెక్కే సమాధానంగా ఉంటూ వచ్చింది. మందుపాతరలను, పేలని గుండ్లను వెతికి తీసివేసి, ఆపైన భూమిని రైతుకు అప్పగించడం స్థిరపడిన పద్ధతి. 2024 నుంచి రష్యా-ఉక్రెయిన్ యుద్ధంలో విస్తరించిన ఆప్టికల్ ఫైబర్ డ్రోన్లు ఈ పద్ధతికి అందని అవశేషాన్ని పొలాల్లో మిగుల్చుతున్నాయి. అది పేలదు, లోహం కాదు, కంటికి సరిగా ఆనదు. దానిని ఎవరు ఏరివేయాలన్నది కూడా ఎక్కడా స్పష్టంగా నిర్ణయమై లేదు.

తీగ ఎలా మిగులుతుంది?

సాధారణ డ్రోను రేడియో తరంగాల మీద ఆధారపడుతుంది. ఆ తరంగాలను ఎదుటి పక్షం జామ్ చేస్తే అదుపు తప్పుతుంది. ఫైబర్ డ్రోను తన వెంట ఒక తీగచుట్టను మోసుకుపోతుంది. ఎగిరే కొద్దీ చుట్ట విడి, తీగ వెనుక నేలమీద వాలుతుంది. చిత్రాలు, ఆజ్ఞలు అందులో కాంతిరూపంలో ప్రయాణిస్తాయి కనుక జామింగ్‌కు తావులేదు. 2024లో మొదట రష్యా సేనలు దీనిని రంగంలోకి దించాయి. ఆ ఏడాది ఆగస్టులో ఉక్రెయిన్ సేనలు ప్రవేశించిన కుర్‌స్క్ ప్రాంతంలో దీని వాడకం బాగా పెరిగింది. ప్రస్తుతం ఇరుపక్షాలూ వాడుతున్నాయి.

తీగతో నడిచే ఆయుధం కొత్తది కాదు. సోవియట్ మల్యూత్కా, అమెరికా టో క్షిపణులు లోహపు తీగలను ఈడ్చుకుపోయేవి. అయితే వాటి పరిధి మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే. ఫైబర్ డ్రోను చుట్టలో 10, 20 కిలోమీటర్ల తీగ ఉండటం సాధారణం. లక్ష్యం తగిలినా తప్పినా విప్పుకున్న తీగంతా పొలంలోనే ఉండిపోతుంది. చుట్ట డ్రోనుతోపాటే వెళ్ళిపోతుంది కనుక తీగను తిరిగి చుట్టుకునే వీలుండదు.

గాజు ఎంత, ప్లాస్టిక్ ఎంత?

వార్తాకథనాలలో దీనిని గాజుతీగ అంటారు. ఆ పేరు సగమే నిజం. ప్రమాణబద్ధమైన టెలికాం ఫైబర్‌లో గాజుభాగం వ్యాసం 125 మైక్రాన్లు. దానిపై అక్రిలేట్ పూత కలిపితే 250 మైక్రాన్లు. వ్యాసం రెట్టింపైతే అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. అంటే ఘనపరిమాణంలో నాలుగింట మూడు వంతులు ప్లాస్టిక్ పూతే. బరువులోనూ సగానికి పైగా అదే. ఈ కొలతల ప్రకారం కిలోమీటరు తీగ సుమారు 70 గ్రాములు, 10 కిలోమీటర్ల తీగ సుమారు 700 గ్రాములు తూగుతుంది. అందువల్ల కాలుష్య చర్చలో గాజు కన్నా పూత మీదనే దృష్టి ఉండాలి. సిలికా గాజు రసాయనికంగా ఇసుకకు దగ్గరి బంధువు. దాని ప్రమాదమల్లా విరిగిన ముక్క ముల్లులా గుచ్చుకోవడం. పూత మాత్రం ఎండకు పెళుసుబారి మైక్రోప్లాస్టిక్‌గా రాలుతుంది. మట్టిలో పూడితే ఎండ తగలదు కనుక మరింత కాలం నిలుస్తుంది.

పొలంలో

స్టెప్పీ మైదానంలో గాలి ఉధృతిని తగ్గించడానికి సోవియట్ కాలంలో పొలాల అంచుల వెంట చెట్ల వరుసలు పెంచారు. సైనికులు తలదాచుకునేది వాటిలోనే, డ్రోన్లు వెతికేదీ వాటినే. కాబట్టి తీగలు ఆ కొమ్మలకు చిక్కి, గట్ల వెంట పేరుకుంటాయి. పక్షులు ఈ పోగులతో గూళ్ళు అల్లిన చిత్రాలు 2025లో వెలువడ్డాయి.

రైతుకు ఎదురయ్యే తొలి చిక్కు యాంత్రికమైనది. కోత యంత్రం తిరిగే ఇరుసులకు తీగ చుట్టుకుని బిగుస్తుంది. పశుగ్రాసంతో కలిసి కట్టలలోకి చేరగలదు. అంతకన్నా పెద్ద చిక్కు దుక్కితో మొదలవుతుంది. పొడవైన తీగను చేతితో లాగి చుట్టవచ్చు; నాగలి పళ్ళేలు దానిని ముక్కలు చేశాక ఏరడం అసాధ్యం.

ఇక్కడ నేల స్వభావాన్ని గమనించాలి. ఉక్రెయిన్ చెర్నోజెంను తెలుగులో నల్లరేగడి అనేయడం పరిపాటి, అది సరికాదు. రేగడి ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే బంకనేల. చెర్నోజెం నలుపు హ్యూమస్ వల్ల వచ్చినది. వానపాములు, బొరియలు తవ్వే జంతువులు దాని పొరలను నిరంతరం కలుపుతుంటాయి. ఆ నేలను సారవంతం చేసే ఈ చర్యే తీగముక్కలనూ లోతుకు చేర్చగలదు.

వెతికేవారికి సమస్య

లోహశోధకం గాజును, ప్లాస్టిక్‌ను పట్టదు. ఏటవాలు ఎండలో మెరిసినప్పుడు కంటితో చూడవలసిందే. చూసినా వెంటనే ముట్టుకోరాదు. ఓజెడ్ఎం-72 వంటి మందుపాతరలకు సన్నని తీగ కట్టి, అది తగిలితే పేలేలా అమర్చుతారు. గడ్డిలో కనిపించే పోగు అలాంటిదా, డ్రోను విడిచినదా అని రైతు దూరం నుంచి తేల్చుకోలేడు. డ్రోను తీగే అయినా, దాని కొసన పేలని డ్రోను ఉండవచ్చు. హాని లేని వేల పోగుల మధ్య ఒక ప్రమాదకరమైన తీగ దాగి ఉండటం తొలగింపు పనిని నెమ్మది చేస్తుంది.

చట్టంలోని ఖాళీ

సంప్రదాయ ఆయుధాల ఒప్పందపు ఐదవ ప్రోటోకాల్ 2003లో ఆమోదం పొంది, 2006లో అమలులోకి వచ్చింది. రష్యా, ఉక్రెయిన్ రెండూ అందులో భాగస్వాములే. యుద్ధానంతరం అవశేషాలను గుర్తించి తొలగించే బాధ్యతను అది నిర్దేశిస్తుంది. కానీ అవశేషమంటే పేలని, వదిలివేసిన పేలుడు ఆయుధాలని నిర్వచిస్తుంది. తీగ కొసన ఉన్న డ్రోను ఆ నిర్వచనంలోకి వస్తుంది, తీగ రాదు. 1977 నాటి మొదటి అదనపు ప్రోటోకాల్ పర్యావరణ రక్షణ గురించి చెబుతుంది గాని, నష్టం విస్తృతం, దీర్ఘకాలికం, తీవ్రం మూడూ కావాలంటుంది. పొలంలోని పోగులకు ఆ మూడింటినీ ఒకేసారి రుజువు చేయడం కష్టం.

మందుపాతరల తొలగింపు ప్రమాణాలలోనూ భూమిని అప్పగించడానికి గీటురాయి పేలుడు ప్రమాదం లేకపోవడమే. ఆ మేరకు పత్రం అందుకున్న పొలంలో తీగ యథాతథంగా ఉండవచ్చు. రైతు దున్నడానికి ముందు దాన్ని ఏరితే అది కిలోల లెక్క. దున్నిన తరువాత ముక్కల లెక్క. ఏరివేతకు అనువైన వ్యవధి, నేల సురక్షితమని తేలిన నాటికీ తొలి దుక్కికీ మధ్య ఉన్న కొద్ది వారాలు. ఆ వారాల కూలి ఖర్చు ఎవరిదో పై పత్రాలలో ఏదీ చెప్పదు.