గూఢచారి చలనచిత్రములలో ఆహార్యము, అవహిత్థ

ప్రసిద్ధములైన గూఢచారి చలనచిత్రములను గూర్చి మాటలాడువారు తఱచుగా వాని సొగసును మెచ్చుకొందురు. నాయకుని సూటు, పెద్ద హోటళ్లు, రైలులోని భోజనశాల, తొణకని మాట తీరు, ఇవన్నియు ఆ మెప్పులోనివే. ఈ సొగసు కథలోని డొల్లతనమును కప్పిపుచ్చు పైపూత యని కొందఱు విమర్శకులు త్రోసివేయుదురు. ఇది తొందరపాటని నా తలంపు. మంచి చిత్రములలో కథ ఆ సొగసు మీదుగానే నడచును.

ఈ విచారమునకు మన లాక్షణికుల పరిభాష మిక్కిలి యుపకరించును. భరతుడు చెప్పిన చతుర్విధాభినయములలో ఆహార్యము వేషభూషలకు సంబంధించినది. సాత్త్వికము స్వేద వేపథు వైవర్ణ్యాదులచే లోని భావమును వెల్లడించునది. తక్కిన నాయకులకు చెమట పట్టుట, కంఠస్వరము మాఱుట రసపోషకములు. గూఢచారికి అవియే ప్రాణాంతకములు. కావున అతడు సాత్త్వికమును అణచి ఆహార్యమును ముందునకు తెచ్చును. ఇట్లు భావమును దాచుటకు మనవారు అవహిత్థ యని పేరు పెట్టి, ముప్పదిమూడు వ్యభిచారిభావములలో నొకటిగా లెక్కించిరి. క్షణకాలము మెఱసి మాయవలసిన ఈ భావము గూఢచారి చిత్రములలో ఆద్యంతము నిలిచియుండును. దీనికి స్థాయిత్వ మీయవచ్చునా యనినచో పండితు లొప్పుకొనరు, నేనును పట్టుపట్టను.

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకత్వమున 1959లో వెలువడిన 'నార్త్ బై నార్త్‌వెస్ట్' చూడుడు. న్యూయార్కులో ప్రకటనల వ్యాపారము చేయు థార్న్‌హిల్‌ను శత్రువులు కాప్లన్ అను గూఢచారిగా భ్రమింతురు. థార్న్‌హిల్ ఆ కాప్లన్ హోటలు గదికి పోయి, అచటి దుస్తులను తనకు పట్టించి చూచుకొనును. అవి పొట్టివానివి! మనకు నవ్వు వచ్చును. పిమ్మట తెలియునదేమన, కాప్లన్ అనువాడే లేడు. గూఢచారశాఖవారు లేని మనిషి పేర గదులు తీసికొని, అతని వస్తువులను ఊరూరికి మార్చుచున్నారు. అనగా నటుడు లేని ఆహార్యము. ఈ చిత్రములోనే విమానము తఱుము ఘట్టము కలదు. హత్యాయత్నమునకు చీకటి సందు అలవాటైన రంగము. హిచ్‌కాక్ పట్టపగటి యెండలో, విశాలమైన బయలులో, పొలములకు మందు చల్లు విమానమును శత్రువుగా నిలిపెను. కేరీ గ్రాంట్ బూడిదవన్నె సూటు దుమ్ముకొట్టుకొని పోవును. అంతవఱకు ఆ సూటు మనకు నచ్చియుండనిచో ఆ దుమ్మును చూచి గుండె దడ పుట్టదు.

1962 నాటి 'డాక్టర్ నో'తో ఈ సొగసు ఒక మూసగా స్థిరపడెను. దర్శకుడు టెరెన్స్ యంగ్ షాన్ కానరీని తన దర్జీ యొద్దకు కొనిపోయి సూట్లు కుట్టించెను. 1965లో 'ది ఇప్‌క్రెస్ ఫైల్' దీనికి మాఱుగా, కంటద్దములు పెట్టుకొని తన వంట తాను చేసికొను హారీ పామర్‌ను చూపెను. అతడు సొగసును విడిచినా డనరాదు. వేఱొక వేషమును ధరించెను. తెలుగులో 1966లో కృష్ణ నటించిన 'గూఢచారి 116' బాండు మూసను తెచ్చి విజయము పొందెను. ముద్రారాక్షసములో యమపటమును చూపుచు ఇల్లిల్లు తిరుగు నిపుణకుని ఎఱిగిన మనకు, వేషమే పనిముట్టైన చారుడు క్రొత్తవాడు కాడు.

అన్నిటికంటె నన్ను ఆకర్షించినది హిచ్‌కాక్‌దే యైన 'నొటోరియస్' (1946) కడపటి ఘట్టము. రియో డి జనీరోలో నాజీ బృందమునకు చెందిన సెబాస్టియన్‌ను అలీసియా గూఢచర్యమునకై పెండ్లాడినది. గుట్టు తెలిసికొని భర్తయు అత్తయు ఆమెకు కాఫీలో విషము పెట్టుచుందురు. ఆమెను ప్రేమించియు నిర్లిప్తునివలె మెలగిన డెవ్లిన్ తుదకు వచ్చి, ఆమెను పట్టుకొని మేడమెట్లు దిగించును. క్రింద సెబాస్టియన్ సహచరులు చూచుచుందురు. భార్య శత్రుపక్షపు చారిణి యని వారికి తెలిసినచో అతనికి చావు తప్పదు. కావున అతడు ఆమె యారోగ్యమునకై కలతపడు భర్తగా ప్రక్కనే దిగవలెను. తుపాకి ప్రేలదు, కేక వినబడదు. చక్కని దుస్తులు, మర్యాద మాటలు, ఒక్కొక్క మెట్టు. డెవ్లిన్ ఇన్నాళ్లు దాచిన ప్రేమ బయటపడిన గడియలో, దాచుకొనవలసిన వంతు సెబాస్టియన్‌కు వచ్చినది. కారు తలుపునకు డెవ్లిన్ గడియ వేయును. లోపలినుండి సహచరుడు పిలువగా సెబాస్టియన్ వెనుదిరిగి, వెలుగుచున్న వాకిటికి మెట్లెక్కి లోనికి పోవును, తలుపు మూసికొనును.