వారసత్వపు అర్జీ వాపసు వచ్చినప్పుడు

నామినీని వ్రాయకయే గృహయజమాని మరణించినచో, బ్యాంకిలోని సొమ్ము కొరకు వారసులు 1925 నాటి భారత వారసత్వ చట్టము 372వ సెక్షను క్రింద జిల్లా న్యాయస్థానమున ధ్రువపత్రమునకై అర్జీ పెట్టుకొనవచ్చును. మరణించిన తేదీ, నివాసస్థలము, దగ్గరి బంధువుల పేర్లు, రావలసిన సొమ్ము వివరము అందుండవలెను. ఏది లోపించినను కచేరీవారు అర్జీని వాపసు చేయుదురు. అంతమాత్రమున హక్కు పోదు.

గుమాస్తా నోటిమాట తీర్పు కాదు. ఆక్షేపణను వ్రాతమూలకముగా తీసుకొని, ఇచ్చిన గడువులోగా లోపము సవరించి తిరిగి దాఖలు చేయవలెను. ఆక్షేపణ సరికాదని తోచినచో, కారణము వ్రాసి, అర్జీని న్యాయాధిపతి సమక్షమున ఉంచవలసినదిగా వకీలు ద్వారా కోరవచ్చును, నిర్ణయాధికారము వారిదే. గుమాస్తాతో వాదులాడుచు గడువు దాటనిచ్చినచో, సొమ్ము బ్యాంకిలోనే నిలిచియుండును, సంసారము మాత్రము అప్పులపాలగును.